టీసీ పుస్తకం ముందేసుకుని కూర్చోండి

ప్రశ్న:

మాస్టారు గారికి నమస్కారం. హైదరాబాద్ రామంతాపూర్‌లో మాకో స్కూల్ ఉంది. నర్సరీ నుంచి పదో తరగతి దాకా, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. మావారు 1998లో పెట్టారు. ఆయన పోయాక ఆరేళ్లుగా కరస్పాండెంట్‌గా నేనే చూసుకుంటున్నాను. 2019లో మా స్ట్రెంగ్త్ 610. ఇప్పుడు 412. మూడేళ్ల కింద మెయిన్ రోడ్డు మీదికి ఒక పెద్ద చెయిన్ స్కూల్ బ్రాంచి వచ్చింది. పోయిన జూన్‌లో కొత్తగా 64 మంది చేరారు, కానీ 91 టీసీలు ఇచ్చాం.

మొన్న విద్యాసంస్థలు నడిపేవాళ్లకి ‘మార్కెటింగ్, ఇన్నోవేషన్’ మీద ఒకరోజు ట్రైనింగ్ అంటే మా అబ్బాయి పట్టుబట్టి తీసుకెళ్లాడు. వ్యాపారానికి అసలు పనులు ఈ రెండే అని చెప్పారు. మరుసటి వారం వాళ్లే స్కూల్‌కి వచ్చి 6 లక్షల ప్యాకేజీ ముందు పెట్టారు. పేరు చివర ‘ఇంటర్నేషనల్’ చేర్చాలట. టాపర్ల ఫ్లెక్సీలు, రీల్స్, రోబోటిక్స్ ల్యాబ్. ఒకటో తరగతి నుంచి అడ్మిషన్ టెస్ట్ పెట్టి ‘సీట్లు కొన్నే’ అనాలట. ఎండాకాలంలో ఒక్కో టీచర్‌కి 5 అడ్మిషన్ల టార్గెట్. నెలాఖరులోగా సగం అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. మా అబ్బాయి బీటెక్ చేశాడు. ‘అమ్మా, నువ్వింకా చాక్‌పీస్ దగ్గరే ఆగిపోయావు’ అంటాడు.

మాకు 22 మంది టీచర్లు, సగటున 14 వేల జీతం. ఫీజు ఏడాదికి 26 వేలు, అదీ అందరూ పూర్తిగా కట్టరు. హైస్కూల్ లెక్కల టీచర్ నిలవడం లేదు, రెండేళ్లలో నలుగురు మారారు. ఐదో తరగతి అవగానే పిల్లల్ని తీసుకెళ్లిపోతున్నారు, పోయినేడు అలా 26 మంది. మా పరిస్థితి మీకు తెలియాలని ఇవన్నీ రాశాను. 6 లక్షలు పెట్టమంటారా, వద్దంటారా?

పేరు వద్దు, రామంతాపూర్

జవాబు:

అమ్మా,

వద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెయిన్ స్కూల్ గురించి, ప్యాకేజీ గురించి వివరంగా రాశారు. చివర్లో, ఏదో ఊరికే అన్నట్టు, రెండు వాక్యాలు పడేశారు. లెక్కల టీచర్ నిలవడం లేదు. ఐదో తరగతి అవగానే వెళ్లిపోతున్నారు. ఈ రెండూ పక్కపక్కనే ఎందుకు వచ్చాయో మీకు మనసులో తెలుసు. లేకపోతే వాటిని అలా కలిపి రాసేవారు కాదు.

91 టీసీల్లో పదో తరగతి పాసైనవాళ్లు ఎందరో మీరు రాయలేదు. మీ స్ట్రెంగ్త్‌ని బట్టి ముప్పై, ముప్పై అయిదు అనుకుందాం. వాళ్లు ఎలాగూ వెళ్లాల్సినవాళ్లే. మిగిలినవాళ్లు యాభై అయిదు, అరవై మంది. అందులో 26 మంది ఒక్క ఐదో తరగతి నుంచే. అంటే పది పూర్తికాకుండానే వెళ్లినవాళ్లలో దాదాపు సగం ఒకే గుమ్మంలోంచి వెళ్లారు. 64 మంది కొత్తవాళ్లు చేరడం, మీరు ఫ్లెక్సీ కట్టకుండానే, తక్కువేమీ కాదు. మీకు పిల్లలు రావడం ఆగలేదు, ఉండటం ఆగింది. సంపు అడుగున కారుతుంటే ఇంకో ట్యాంకర్ బుక్ చేయమంటున్నారు ఆ ప్యాకేజీవాళ్లు. ఎండాకాలంలో ట్యాంకర్ ధర ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

ఆ ధరే లెక్కేద్దాం. 6 లక్షలు తిరిగి రావాలంటే 26 వేల చొప్పున 24 అడ్మిషన్లు అదనంగా రావాలి. వచ్చిన 24 మందీ పూర్తి ఫీజు కడితే, వాళ్ల కోసం ఇంకో టీచర్‌ని పెట్టుకోకపోతే, అప్పుడు మొదటి ఏడాది మీకు మిగిలేది సున్నా. ఇక రెండో వైపు చూడండి. ఐదు తర్వాత వెళ్లిపోయిన ఒక్కో పిల్లవాడు ఇంకా ఐదేళ్లు మీ దగ్గర ఉండాల్సినవాడు. 1,30,000 రూపాయలు. అలాంటివాళ్లు 26 మంది. 33,80,000. ఇది ఒక్క బ్యాచ్ లెక్క. మీరు ఏటా ఒక బ్యాచ్‌ని ఇలాగే పంపుతున్నారు.

ట్రైనింగ్‌లో చెప్పిన మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. వ్యాపారానికి రెండే పనులు, మార్కెటింగ్, ఇన్నోవేషన్ అన్నది మేనేజ్‌మెంట్ పాఠాలకి పెద్ద పేరైన పీటర్ డ్రకర్ మాట, 1954 నాటిది. మంచి మాటే. కానీ అదే పెద్దాయన మార్కెటింగ్ అంటే అమ్మకం కాదని కూడా చెప్పాడు. కొనేవాడిని ఎంత బాగా తెలుసుకోవాలంటే, వస్తువు వాడికి సరిగ్గా అమరి తనంతట తానే అమ్ముడుపోవాలి, మార్కెటింగ్ గురి అదీ అన్నాడు. ఆ సగం మీకు ట్రైనింగ్‌లో చెప్పి ఉండరు. చెబితే తర్వాతి వారం ప్యాకేజీ అమ్మడం కష్టం కదా. డ్రకర్ లెక్కన చూస్తే మీరు ఈ నెలలో చేయాల్సిన మార్కెటింగ్ ఒక్కటే: వెళ్లిపోయిన 26 ఇళ్లకి ఫోన్ చేయడం.

ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే నేను మొదట తప్పుగా చేశాను. మా స్కూల్‌లో ఇలాగే పిల్లలు తగ్గినప్పుడు ‘ఎందుకు మానిపించారండీ’ అని అడిగాను. అందరూ ‘ఇల్లు మారామండీ’ అన్నారు. మర్యాదస్తులు మరి, మొహం మీద అనలేరు. అలా అడగొద్దు. ‘బాబు అక్కడ ఎలా చదువుతున్నాడమ్మా? మా దగ్గర లేనిది అక్కడ ఏం చెబుతున్నారు? మేం దిద్దుకుంటాం’ అనండి. పిల్లవాడి పేరు, క్లాస్ టీచర్ పేరు చూసుకుని మరీ చేయండి. మూడో నిమిషంలో అసలు సంగతి వస్తుంది. వాళ్లు చెబుతున్నంతసేపూ మీరు సంజాయిషీ ఇవ్వకండి. అదే చాలా కష్టం.

వాళ్లందరూ మెయిన్ రోడ్డు స్కూల్‌కే వెళ్లారని అనుకోకండి. కొందరు నవోదయ ఆరో తరగతి సీటు వచ్చి వెళ్లి ఉండొచ్చు. గురుకులాలు ఐదో తరగతి నుంచి పరీక్ష పెట్టి తీసుకుంటాయి కాబట్టి ఆ పిల్లలు నాలుగు తర్వాతే వెళ్తారు, ఆ లెక్క వేరే చూడండి. అటు వెళ్లినవాళ్ల విషయంలో మీరు సంతోషించాలి. ‘మా స్కూల్ నుంచి నవోదయకి ముగ్గురు’ అన్నది ఏ టాపర్ ఫ్లెక్సీ కన్నా ఎక్కువ పనిచేసే మాట. మిగిలినవాళ్లలో చాలామంది ఒక్క మాటే అంటారని నా అనుమానం: లెక్కలు.

రామంతాపూర్, ఉప్పల్, నాచారం వైపు మీ పేరెంట్స్ ఎవరు? ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, చిన్న వ్యాపారాలవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఇళ్ల దగ్గర టైలరింగ్ చేసే తల్లులు. నర్సరీలో వాళ్లకి కావాల్సింది దగ్గర్లో ఉండటం, ఆయమ్మ మంచిది కావడం. ఐదో తరగతి దాకా ఆ నమ్మకం మీద నడుస్తుంది. ఆరులోకి రాగానే తండ్రి రంగంలోకి దిగుతాడు. ‘ఐఐటీ ఫౌండేషన్’ బోర్డు కనిపిస్తుంది. ఇటు చూస్తే కొడుకు నోట్‌బుక్‌లో ఏడాదికి ఇద్దరు లెక్కల టీచర్ల చేతిరాతలు. అతను తీసుకునే నిర్ణయం తప్పని నేననలేను. మీరూ అనలేరు.

ఇప్పుడు జీతాల దగ్గరికి రాక తప్పదు. మీకు కోపం వచ్చినా సరే. 22 మందికి 14 వేల చొప్పున ఏడాదికి 36,96,000 అవుతుంది. 412 మందికి 26 వేలంటే 1,07,12,000. అందరూ కట్టరన్నారు, నూటికి 85 వస్తుందనుకుందాం, 91 లక్షలు. 1994 నాటి జీవో నంబర్ 1 మీకు బాగా తెలిసే ఉంటుంది, గుర్తింపు రెన్యువల్‌కి వెళ్లిన ప్రతి కరస్పాండెంట్‌కీ తెలుసు. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకి, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివాటికి, 15 శాతం నిర్వహణకి, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి. 91 లక్షల్లో సగం 45 లక్షల పైచిలుకు. ఆయాలు, వాచ్‌మన్ జీతాలు కలిపినా మీరు ఆ గీత దాకా వస్తున్నారో లేదో మీ పుస్తకాలే చెప్పాలి. బిల్డింగ్ అద్దె ఉంటే ఈ లెక్క ఎంత ఇబ్బందో నాకు తెలుసు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, ఆ జీవోని తిట్టుకున్నవాణ్ణే. కానీ 6 లక్షలు ఫ్లెక్సీలకి తీయగలిగినప్పుడు, ఆ డబ్బు ఉన్నట్టే కదమ్మా.

హైస్కూల్ సబ్జెక్ట్ టీచర్లు ఐదుగురికి నెలకి 5 వేలు పెంచితే ఏడాదికి 3 లక్షలు. ప్యాకేజీలో సగం. మీ లెక్కల టీచర్ నలుగురూ ఎక్కడికి వెళ్లారో కనుక్కోండి. మూడు, నాలుగు వేల తేడాకే వెళ్లి ఉంటారు. పైగా అక్కడ ఉదయం ఏడింటికి స్టడీ అవర్, సాయంత్రం ఆరింటి దాకా డ్యూటీ. అంత చాకిరీకి వెళ్లారంటే ఆ నాలుగు వేలు ఆ ఇంట్లో ఎంత ముఖ్యమో చూడండి. జీతం పెంచేటప్పుడు ఒక్క షరతు చెప్పండి: ఈ ఆరో తరగతి పిల్లలు పది పాసయ్యేదాకా మీరే చెప్పాలి. కాగితం మీద సంతకం అక్కర్లేదు, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే పని అసలే చేయకండి. ఏటా జూన్‌లో వెయ్యి పెరుగుతుందని ముందే చెబితే చాలు. తర్వాత ఐదో తరగతి పేరెంట్స్‌ని ఫిబ్రవరిలో పిలిచి, ‘వచ్చే ఏడాది నుంచి పది దాకా మీ పిల్లలకి లెక్కలు చెప్పేది ఈయన’ అని ఆ మనిషిని నిలబెట్టి చూపించండి. మీ అబ్బాయి దీన్ని మార్కెటింగ్ అనడేమో. నేను అంటాను.

ప్యాకేజీలో మిగతావి త్వరగా చూసేద్దాం.

‘ఇంటర్నేషనల్’: గుర్తింపు కాగితాల మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు అయితే రేపు టెన్త్ మెమో మీద ఏ పేరు వస్తుందో పేరెంట్ అడుగుతాడు. ఈ రోజుల్లో ప్రభుత్వం ప్రతి స్కూల్‌కీ ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ అడిగే పేరెంట్స్ కూడా వస్తున్నారు. మీవారు పెట్టిన పేరు ఉండనివ్వండి.

ఒకటో తరగతికి టెస్ట్: విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలకి గానీ పేరెంట్స్‌కి గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయకూడదు. మొదటిసారి 25 వేల దాకా జరిమానా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. చట్టం సంగతి అలా ఉంచి, మూడోవంతు బెంచీలు ఖాళీగా ఉన్న స్కూల్‌లో ‘సీట్లు కొన్నే’ అంటే పక్కింటివాళ్లు నవ్వరా?

టాపర్ల ఫొటోలు, రీల్స్: 2024 నవంబర్‌లో వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనలకి మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లవాడు గెలిచాక, వాడి రాతపూర్వక అనుమతితోనే పేరు, ఫొటో వాడాలి. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. అది కోచింగ్‌వాళ్లకే అయినా, మీరూ అదే మర్యాద పాటించండి. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. పాప డాన్స్ వీడియో పెట్టే ముందు వాళ్లమ్మని అడగడం పెద్ద పనేం కాదు. స్తంభాలకి కట్టే ఫ్లెక్సీలకి మున్సిపల్ కార్పొరేషన్ జరిమానా రాస్తే బిల్లు మీకే వస్తుంది, కట్టినవాడికి కాదు.

టీచర్ల టార్గెట్ దగ్గర మాత్రం ఆగుతాను. ఈ ఊళ్లో మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి పాంప్లెట్ల కట్ట చేతిలో పట్టుకుని, గొడుగేసుకుని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేత ‘మేడమ్, లోపలికి అలో లేదు’ అనిపించుకునే టీచరమ్మల్ని నేను ఏటా చూస్తాను. వాళ్లలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లు. నన్ను చూసి పక్కకి తిరిగిపోతారు. ఐదు అడ్మిషన్లు తేకపోతే మే నెల జీతం ఆపేస్తారని ఒకామె ఏడ్చింది. ఆ స్కూల్ పేరు రాయను. ఆమె జూన్‌లో క్లాసులోకి ఎలా వెళ్తుందో ఆలోచించండి. తను తెచ్చిన ఐదుగురు పిల్లల్ని తిట్టనూ లేదు, దిద్దనూ లేదు, వాళ్లు వెళ్లిపోతే తన మీదికే వస్తుంది. క్యాన్వాసింగ్‌కి టీచర్‌ని పంపిన స్కూల్, మా దగ్గర టీచర్ విలువ ఇంత అని వీధి వీధికీ తిరిగి చెప్పినట్టే. మీ లెక్కల టీచర్ నలుగురు కాదు, పదిమంది మారతారు.

పాంప్లెట్లు నేనూ వేయించాను, పేపర్లో పెట్టి పంచితే 20 వేలు. ఆ నెలలో ఎంక్వైరీకి వచ్చినవాళ్లు 31 మంది. ప్రతి ఒక్కరినీ ‘మా గురించి ఎలా తెలిసింది’ అని అడిగి రాసుకున్నాను. పాంప్లెట్ చూసి వచ్చినవాళ్లు ఇద్దరు. పైపోర్షన్‌లో ఉండే అమ్మాయి మా స్కూల్ అని వచ్చినవాళ్లు ఎక్కువ. తొమ్మిది మందిని పంపింది మాత్రం ఒక్క ఆటో ఆయన. మూడు స్కూళ్ల పిల్లల్ని దింపుతాడు. ఏ స్కూల్ గేటు దగ్గర పిల్లల్ని ఎలా చూస్తారో, ఏ ప్రిన్సిపాల్ పొద్దున్నే అరుస్తాడో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చినవాళ్లు అద్దె ఇల్లు చూసుకున్న మర్నాడే ఆయన్నే అడుగుతారు. ఆయనకి మేం కమీషన్ ఇవ్వలేదు. వాన పడితే ఆటో లోపలికి తెచ్చి ఆపుకోమనేవాళ్లం, అంతే. మీ గేటు దగ్గర ఆటోవాళ్లకి నీడ ఉందా?

ఎంక్వైరీ రిజిస్టర్‌లో ‘ఎలా తెలిసింది’ అన్న గడి ఒకటి గీయించండి. ఇంకొకటి, రేపు పదకొండు గంటలకి వేరే నంబర్ నుంచి మీ స్కూల్‌కి మీరే ఫోన్ చేయండి. ఎవరు ఎత్తుతారు, ఎన్ని రింగులకి, ఏం మాట్లాడతారు? గూగుల్ మ్యాప్‌లో మీ నంబర్ మారిందో లేదో చూసుకోండి, మీవారి పాత నంబరే ఉండి ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిన్నర దాకా గేటు దగ్గర నిలబడండి, ఆఫీసు గదిలో కాదు. డిజిటల్ మార్కెటింగ్ అంటూ మీకు కావాల్సింది ఇప్పటికి ఇంతే.

ఇన్నోవేషన్ మాటకి వస్తే, ఆ మాట వినగానే రోబో బొమ్మ కొనాలనిపించడం మన ఊరి జబ్బు. ఈ నగరంలో చదువు విషయంలో జరిగిన పెద్ద కొత్త పని ఏమిటని అడిగితే నేను నారాయణగూడ పేరు చెబుతాను. 1928లో మాడపాటి హనుమంతరావు గారు అక్కడ తెలుగు ఆడపిల్లలకి బాలికోన్నత పాఠశాల పెట్టారు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. ఆడపిల్లకి తన భాషలో హైస్కూల్ చదువు కావాలంటే దారి లేదు. తెలుగు మీడియం కాబట్టి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. ఆయన పుణేలో కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. ఇందులో యంత్రమేమీ లేదు. ఫలానా ఇళ్లల్లో ఫలానా పిల్ల చదువు మధ్యలో ఆగిపోతోందని చూడటం, ఆ ఆగిన చోటే తలుపు పెట్టడం. మీకూ పిల్లలు ఆగిపోతున్న చోటు ఒకటి కనిపిస్తూనే ఉంది.

మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ స్కూల్ వాళ్లు పల్లె బడుల కోసం చేసింది కూడా అలాంటిదే. ఒకే టీచర్, ఐదు తరగతులు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి మెట్లుగా పేర్చారు. పిల్లవాడు తన మెట్టు ఏదో తనే చూసుకుని కార్డు తీసుకుంటాడు. అట్టముక్కలు, బొమ్మలు. తర్వాత అదే పద్ధతి చెన్నై కార్పొరేషన్ బడులకి, తమిళనాడు అంతటికీ వెళ్లింది.

మీకు నేను చెప్పే కొత్త పని ఒక్కటే, కాస్త వివరంగా చెబుతాను. మీ పేరెంట్స్ మీటింగ్ మార్చండి. ఇప్పుడు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. తల్లి వస్తుంది, టీచర్ ప్రోగ్రెస్ కార్డు చూపిస్తుంది, ‘ఇంట్లో చదవడం లేదమ్మా’ అంటుంది, తల్లి పిల్లవాడి నెత్తిన ఒకటి వేస్తుంది, సంతకం, అయిపోయింది. దారిలో ఆఫీసులో ఫీ డ్యూ గుర్తు చేస్తారు. ఈ మీటింగ్‌కి తండ్రులు రారంటే ఆశ్చర్యమేముంది.

దాని బదులు పిల్లవాడే చూపించాలి. ఒక్కో ఇంటికి పది నిమిషాలు, టైం ఇచ్చి పిలవండి. తల్లిదండ్రుల ఎదురుగా పిల్లవాడు తెలుగులో ఒక పేరా, ఇంగ్లిష్‌లో ఒక పేరా చదువుతాడు, చదివింది తన మాటల్లో చెబుతాడు, ఒక లెక్క చేసి ఎలా చేశాడో వివరిస్తాడు. పాఠ్యపుస్తకంలోది కాదు, ముందుగా బట్టీ పట్టనిది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడుతున్న కాగితాలు చూడండి, ఒక్కో పేజీ అంతే. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తీసుకునే తీసివేత, భాగహారం. ప్రైమరీకి అవే సరిపోతాయి, హైస్కూల్‌కి మీ టీచర్లు తయారుచేసుకోవచ్చు. జూలైలో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి. జూలైలో ఎక్కడున్నాడో, ఫిబ్రవరిలో ఎక్కడికి వచ్చాడో తండ్రి తన చెవులతో వింటాడు.

క్లాసులో 28 మంది ఉంటే పది నిమిషాల చొప్పున నాలుగు గంటల నలభై నిమిషాలు. ఒక శనివారంలో అయిపోతుంది. షిఫ్టులవాళ్ల కోసం పొద్దున్న ఏడున్నర నుంచి కొన్ని టైములు ఉంచండి. ఆ రోజు ఫీజు మాట ఎవరూ ఎత్తకూడదు, అకౌంటెంట్‌కి సెలవు ఇచ్చేయండి.

ముందే హెచ్చరిస్తున్నాను, మొదటిసారి భయంకరంగా ఉంటుంది. మీ నాలుగో తరగతిలో కొందరు రెండో తరగతి కథ చదవలేరు. అది తల్లి ముందే బయటపడుతుంది. టీచర్లు ‘మేడమ్, పరువు పోతుంది’ అంటారు. అందుకే పేరెంట్స్‌ని పిలవడానికి నెల ముందు మీలో మీరే ఒకసారి అందరినీ చదివించి చూసుకోండి. వెనకబడ్డవాళ్లకి రోజూ మొదటి నలభై నిమిషాలు, తరగతులతో సంబంధం లేకుండా, చదవగలిగే స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పండి. తల్లి వచ్చినప్పుడు దాచకండి. ‘జూన్‌లో ఇక్కడున్నాడు, మేం ఇది చేస్తున్నాం’ అనండి. నిజం చెప్పిన స్కూల్‌ని పేరెంట్ అంత తొందరగా వదలడు. మెయిన్ రోడ్డు స్కూల్‌లో అతనికి ర్యాంకు మెసేజ్ వస్తుంది, పిల్లవాడి గొంతు వినబడదు.

రోబోటిక్స్ ల్యాబ్ విషయంలో నాకు నవ్వు వచ్చింది, ఏమీ అనుకోకండి. మీ స్కూల్ నుంచి ఆటోలో పదిహేను నిమిషాల్లో హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, దానికి దగ్గర్లోనే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ. దేశం నలుమూలల నుంచీ శాస్త్రవేత్తలు వచ్చి పనిచేసే చోటు మీ పక్క వీధి లాంటిది, మీరేమో డబ్బు పోసి ప్లాస్టిక్ కిట్లు కొనబోతున్నారు. ఆ మొదటి మూడింటి మాతృసంస్థ సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబర్ 26, జాతీయ సైన్స్ దినం ఫిబ్రవరి 28. ఆ రోజుల చుట్టూ ఈ ల్యాబులు పిల్లల్ని లోపలికి రానిస్తాయి. జూలైలోనే లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. ఎనిమిదో తరగతి మొత్తాన్ని తీసుకెళ్లండి, ర్యాంకులవాళ్లని మాత్రమే కాదు. వెళ్లే ముందు ఒక్కొక్కరి చేత రెండు ప్రశ్నలు రాయించండి, వచ్చాక జవాబులు యాన్యువల్ డే రోజు వాళ్ల చేతే చెప్పించండి.

ఒక మాట మీకు నచ్చదు, కానీ చెప్పాలి. 610 మళ్లీ రాకపోవచ్చు. తెలంగాణలో ఒక్కో మహిళకి సగటున పిల్లలు 1.8 అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మీవారు స్కూల్ పెట్టినప్పుడు ఒక్కో ఇంటి నుంచి ఇద్దరు, ముగ్గురు వచ్చేవారు. ఇప్పుడు చాలా ఇళ్ల నుంచి ఒక్కరే. ఆ ఒక్కరి మీద ఎక్కువ ఖర్చు పెడతారు, ఎక్కువ భయపడతారు, తొందరగా స్కూల్ మారుస్తారు. మీ లక్ష్యం 610 అయితే ఏటా ఓడిపోయినట్టే ఉంటుంది. వచ్చే ఏడాది ఐదు నుంచి ఆరుకి వెళ్లే బ్యాచ్‌లో పదిమందికి మించి టీసీ అడగకూడదని పెట్టుకోండి. 412 తగ్గకుండా నిలిస్తే మీరు గెలిచినట్టే లెక్క. ఆ తర్వాత ఒకటో తరగతి తల్లి ‘పైతరగతుల్లో కూడా బాగుంటుంది’ అని పక్కింట్లో చెబుతుంది. ఆ మాట మొదలవడానికి రెండేళ్లు పడుతుంది. ప్యాకేజీవాళ్లు ఆరు నెలల్లో అంటారు, ఎందుకంటే వాళ్ల కాంట్రాక్ట్ ఆరు నెలలే.

ఇక మీ అబ్బాయి. అతన్ని పక్కన పెట్టకండి. అతను తీసుకెళ్లబట్టే కదా మీరు ఈ లెక్కలన్నీ కాగితం మీద పెట్టారు. ప్యాకేజీవాళ్లకి ‘ఇప్పుడు కాదు’ అని అతని చేతే మెసేజ్ పెట్టించండి. శనివారం సాయంత్రం, ఇళ్లల్లో మగవాళ్లు కూడా ఉండే టైంకి, టీసీ పుస్తకం ముందు పెట్టి ఆ 26 ఫోన్లూ అతని చేతే చేయించండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మీరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. మాట్లాడకండి. మొదటి పది ఇళ్లవాళ్లు ఏమన్నారో నాకు రాయండి, తర్వాతి సంగతి అప్పుడు చూద్దాం.